గృహవిజ్ఞానము : సూక్ష్మదర్శిని



కుంకుడుకాయ నురుగునుగూర్చి ఈ మాసమున వ్రాయుదునని మాట యిచ్చియుంటిని. ఆ మాట వచ్చు మాసమునకు వాయిదా వేసినందుకు మన్నింపుడు. మా పొరుగింటి వదినగా రడిగిన యొక ప్రశ్న నన్ను పది దినములనుండి నిలువనీయకున్నది. దానికి నోటిమాటతో సమాధానము చెప్పబోయి తడబడితిని; కావున కాగితముమీద పెట్టి చూచుచున్నాను.

మాది బెల్లంకొండ. మాఘ ఫాల్గుణములు వచ్చెనా, పల్నాటిసీమలో నెటుచూచినను మిరపకల్లములే. చేలనుండి వచ్చిన కాయ యెండుచుండును. ఆడువారు వరుసగా గూర్చుండి తాలుకాయ లేరుచుందురు, తొడిమలు తీయుచుందురు. ఆ దినములలో దగ్గు వినబడని యిల్లు లేదు. అందుచేతనే పొరుగింటి చిన్నకోడలు మూడు వారములకు మించి దగ్గుచున్నను ఎవ్వరును గమనింపలేదు. "కల్లపు ఘాటు, వానపడిన తగ్గును" అనుకొనిరి. ప్రొద్దుగ్రుంకువేళకు ఒళ్ళు వెచ్చబడుచుండెను. మణికట్టున బిగువుగా నుండవలసిన గాజులు మోచేతివఱకు జారుచుండెను. ఆ గాజులను చూచి మొదట భయపడినది వదినగారే.

ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోయిరి. చిన్న డబ్బీ యిచ్చి కఫము తెమ్మనిరి, తెచ్చిరి. సూక్ష్మదర్శినిలో చూచి, క్రిములు కనబడలేదని చెప్పిరి. ఇంటిల్లిపాదియు సంతోషించి, వదినగారు కొబ్బరికాయ గూడ కొట్టించిరి. కాని దగ్గు తగ్గలేదు. వైద్యురాలు ఊరకుండక పదునైదు దినములపిమ్మట మరల పరీక్ష చేయించినది. ఈమాఱు క్షయక్రిములు కనబడినవి.

ఆ సాయంకాలము వదినగారు మా యరుగుమీద గూర్చుండి యడిగినమాట యిది: "వదినా, ఒక్కటే యంత్రము గదా! మొన్న లేదన్నది, నేడున్నదనుచున్నది. ఏ మాట నమ్మవలెను? ఆ యంత్ర మబద్ధ మాడునా?"

యంత్ర మబద్ధ మాడదు. కాని నిజ మెంతవఱకు చెప్పగలదో తెలియవలెనన్న, అది చూచు తీరు మనము తెలిసికొనవలెను.

మొదట కంటిసంగతి. ఒక వస్తువు కంటికెంత దగ్గఱైన నంత పెద్దదిగా గనబడును. సూదిలో దార మెక్కించునపుడు దానిని మొగముదగ్గఱకు తెచ్చుకొనుట యందుకే. మఱి ముక్కుకు తగులునంత దగ్గఱకు తెచ్చిన నింకను పెద్దదిగా గనబడవలదా? కనబడదు, మసకబాఱును. మన కంటిలోని సహజమైన కటకము కిరణములను కొంతమట్టునకే వంచగలదు. జానెడుమీద మఱికొంచెము, అనగా సుమారు 25 సెంటీమీటర్ల దూరము, సాధారణమైన కంటికి హద్దు. నలువది దాటి చత్వారము వచ్చినవారికి ఆ హద్దింకను దూరమున కేగును. వారు పంచాంగమును చేయి చాచి పట్టుకొని చదువుట చూచుచునేయున్నాము. ఆ హద్దులో నుంచి మంచి కన్ను వేఱువేఱుగా చూడగలిగిన రెండు చుక్కల నడిమి యెడము మిల్లీమీటరులో సుమారు పదియవ వంతు. అంతకు లోబడినవి ఒకటిగా కలిసిపోవును.

భూతద్దము చేయు సాయమేమనగా, నడుమ నుబ్బి అంచుల పలుచనైన ఆ గాజు కిరణములను కంటికి బదులుగా ముందే కొంత వంచియుంచును. అందుచే వస్తువును హద్దుకు లోపలికి, మిక్కిలి దగ్గఱకు తెచ్చినను మసక లేక కనబడును. దీనిని చూచుటకు కొనవలసిన దేమియు లేదు. తులసియాకుమీద నొక్క నీటిబొట్టు నిలిపి దానిగుండ ఈనెలను చూడుడు. నీటిబొట్టే కటకము. బొట్టెంత చిన్నదై గుండ్రనైన నంత హెచ్చుగా పెద్దదిచేయును. ఈ విషయము గుర్తుంచుకొనుడు; ఇప్పుడు రాబోవు పెద్దమనిషికి పనికివచ్చినది ఇదియే.

ఆయన హాలండుదేశమున డెల్ఫ్టుపట్టణమందలి బట్టలవర్తకుడు, పేరు లేవెన్‌హుక్. వర్తకులు గుడ్డలోని పోగు లెన్నుటకు భూతద్దము వాడుదురు. ఈయన అంతతో తృప్తిపడక, ఆవగింజవంటి చిన్న గాజుకటకములను తానే తయారుచేసి, లోహపు రేకులనడుమ బిగించి, కంటికి తగిలించుకొని చూచెడివాడు. నేటివఱకు మిగిలిన వానిలో మేలైన దొకటి వస్తువును సుమారు 270 రెట్లు పెద్దదిచేయును. ఏ విశ్వవిద్యాలయమునను చదివినవాడు కాడు. 1676లో లండనునందలి రాయల్ సొసైటీకి, నీటిలో కంటికి గనబడని ప్రాణులు తిరుగుచున్నవని జాబు వ్రాసెను. 1683లో దంతములమీది పాచిని గీఱి చూచెను. తన పాచి మాత్రమే గాదు, ఇద్దఱు స్త్రీల పాచియు నిద్దఱు వృద్ధుల పాచియు చూచి, అందులో కదలాడువానిని బొమ్మలుగూడ వేయించెను. సూక్ష్మజీవుల చరిత్ర ఆరంభమందే ఆడుదాని నోటిపాచికి చోటు దొరకినదన్నమాట.

ఆయనకు ముందే, 1665లో, ఇంగ్లండున రాబర్టు హుక్ అను శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినిలో చూచిన వింతల నొక పెద్దగ్రంథముగా అచ్చొత్తించెను. దాని పేరు మైక్రోగ్రాఫియా. అందు మొట్టమొదట వర్ణించినది సూదిమొన. అంతకంటె పదునైనది లేదనుకొను మన సూదిమొన, యంత్రములో మొద్దై గుంటలుపడి వంకరటింకరగా గనబడినది. బెండుముక్కను పలుచగా కోసి చూడగా తేనెపట్టువలె గదులు గనబడెను; జీవకణమునకు ఇంగ్లీషున వాడు మాట ఆనాడాయన యా గదులకు పెట్టిన పేరే. పేనును కూడ మడతకాగితముమీద మూరెడు పొడవున చిత్రించెను. ఆ బొమ్మ చూచిన తల్లి తన బిడ్డ తల దువ్వుట యొక్కదినమైన మానదు.

లేవెన్‌హుక్ వాడినది ఒంటికటకము. హుక్ వాడినదియు, నేడు మన ఆరోగ్యకేంద్రములలో నున్నదియు జంటకటకముల యంత్రము. దాని పని యిట్లుండును. క్రింద గాజుపలకకు ఆనుకొనునంత దగ్గఱగా నొక కటకముండును, దీనిని వస్తుకటకమందురు. ఇది పలకమీది వస్తువుయొక్క బింబమును పెద్దదిచేసి గొట్టములో పైకి పంపును. సినిమాయంత్రము చిన్న ఫిల్ముబొమ్మను తెరమీద పెద్దదిగా పడవేయుట వంటిదే. తెర మాత్రము లేదు. ఆ బింబమును గొట్టపు పైకొనయందలి నేత్రకటకము భూతద్దమువలె మరల పెద్దదిచేసి కంటికి చూపును. క్రిందిది 40 రెట్లు, పైది 10 రెట్లు అయిన, మొత్తము 400 రెట్లు. క్రింద 100 రెట్ల కటకము త్రిప్పిన 1000 రెట్లు. కూడిక కాదు, గుణకారము. బింబము తలక్రిందై, కుడియెడమలు తాఱుమాఱై యుండును గనుక, క్రొత్తగా పట్టినవారు పలకను కుడికి జరిపి వస్తువెడమకు పాఱిపోవుట చూచి తెల్లబోవుదురు. అద్దములో చూచుచు వెనుకజడలో పూలు తురుముకొన నేర్చిన మనకు ఆ చిక్కు రెండు నిముసములలో తీఱును.

ఇంక వెలుగు. కొందఱు సూక్ష్మదర్శినియన్న గాజుముక్కలే యనుకొందురు. సగముపని వెలుగుది. పాతయంత్రములలో క్రింద నొక అద్దము పెట్టి కిటికీవెలుగును పైకి మరల్చెడివారు. నేడు చిన్న దీపముండును. ఆ వెలుగును కూర్చి పలకమీద నొక్కచోట పడునట్లుచేయు కటకము నడుమనుండును. దానికి హెచ్చుతగ్గులు చేయు చిన్న తలుపుండును. వెలుగు క్రిందనుండి వస్తువుగుండ దూరి పైకి రావలెను. కనుకనే పలకమీద రాచినది పూతరేకువలె పలుచగా నుండవలెను. ముద్దగా పెట్టిన చీకటియే కనబడును. మఱియు, వెలుగు మితిమీఱినను చేటే: పారదర్శకమైన కణపు టంచులు ఆ తెల్లదనములో కరగిపోవును, తలుపు కొంచెము మూసిన తేఱుకొని కనబడును.

ఇంతవఱకు చదివి, "రెట్లు హెచ్చించుకొనుచు పోయిన నెంత చిన్నదైనను చూడవచ్చును గదా" యని మీరడుగవచ్చును. నేనును చిన్ననాడట్లే యనుకొంటిని. అది తప్పు. మా ఊరి కొండమీది కోటగోడ దూరమునుండి చూచిన నొక్క నల్లని చాఱ. ఆ చాఱకు ఫొటో తీసి యెంత పెద్దదిగా అచ్చువేయించినను పెద్దచాఱయే యగును గాని రాయికి రాయి విడిపడదు. కొండ యెక్కి దగ్గఱకు పోయినపుడే ఇది యొక రాయి, అది యింకొక రాయి యని తెలియును. పెద్దదిచేయుట వేఱు, విడదీసి చూపుట వేఱు. సూక్ష్మదర్శినియొక్క గొప్పతన మంతయు విడదీయుటలోనున్నది.

ఆ విడదీయుటకొక హద్దున్నదని జర్మనీదేశమున యేనా పట్టణమున ఎర్నెస్టు ఆబే అను పండితుడు 1873లో తేల్చెను. సంక్రాంతిముగ్గునకు మీరు చుక్కలు పెట్టుదురు గదా. పిండిధార యెంత మందముగా జారునో అంతకంటె దగ్గఱగా రెండు చుక్కలు పెట్టజాలరు. పెట్టిన నవి యొకటిలో నొకటి కలిసిపోవును. వెలుగుకూడ అట్టి ధారయే. అది తరంగములుగా సాగును. ఆ తరంగమునకొక కొలత గలదు. మిల్లీమీటరులో వేయవ వంతును మైక్రానందురు. పచ్చని వెలుగు తరంగము మైక్రానులో సగమునకు కొంచె మెక్కువ. వెలుగుతో గీయు బొమ్మలో నా తరంగములో సుమారు సగముకంటె, అనగా మైక్రానులో నాలుగైదవ వంతుకంటె, దగ్గఱనున్న చుక్కలు కలిసియే పోవును. అద్ద మెంత మేలైనదైనను ఈ హద్దు తప్పదు. ఇటీవలి శాస్త్రజ్ఞులు మెఱయు రంగులతో ఉపాయములు పన్ని దీనిని దాటిరి, అందుకు 2014లో నోబెలు బహుమానమును పొందిరి. కాని అది మన ఆరోగ్యకేంద్రపు బల్లమీది యంత్రమున కందునది కాదు.

ఇప్పుడు కొలతలు చూడుడు. మన తలవెండ్రుక మందము నూఱు మైక్రానులకు లోపు. నెత్తుటిలోని ఎఱ్ఱకణము వెడల్పు ఏడెనిమిది మైక్రానులు. క్షయక్రిమి పొడవు రెండుమొదలు నాలుగు మైక్రానులు, సన్నదనమున అర మైక్రానుకంటె తక్కువ. అనగా హద్దునకు ఇవతల, కొద్దిలో నున్నది. 2020లో లోకమును ఇండ్లలో మూసివేసిన కరోనా క్రిమి సుమారు 0.1 మైక్రాను, హద్దునకు అవతలిది. అందుకే దానికొఱకు ముక్కులో పుల్లపెట్టిరి గాని ఎవ్వరును ఈ యంత్రమున వెదకలేదు.

హద్దువఱకైన పోవలెనన్న, వస్తువునుండి నలుదెసలకు వాలుగా పోవు కిరణములను వీలైనంతవఱకు కటకము పోగుచేసికొనవలెను. ఇక్కడ గాలి యడ్డువచ్చును. గాజునుండి గాలిలోనికి వచ్చు కిరణము పెడగా వంగిపోవును. నీటిగ్లాసులోని చెంచా విఱిగినట్లు కనబడుట మీరెఱుగుదురు. కావున 100 రెట్ల కటకమునకును గాజుపలకకును నడుమ నొక బొట్టు నూనె వేయుదురు. పూర్వము సీడారుచెట్టు తైలము వాడిరి. నేడు వేఱు నూనెలున్నవి. ఆ నూనె కిరణమును వంచు తీరు గాజుతో సమానము. అందుచే కిరణములకు గాజు ముగిసినట్లే తెలియదు. తిన్నగా కటకములోనికి పోవును. బజ్జీలు పెట్టిన కాగితముమీద నూనెమరక పడినచోట వెలుగు దూరివచ్చుట చూడలేదా? కాగితపు పోగులనడుమనున్న గాలిని తఱిమి నూనె నిండినందుననే అది జరుగుచున్నది. ఆ న్యాయమే యిదియు.

ఇంత చేసినను మఱియొక చిక్కు. క్రిములు నీటివలె పారదర్శకములు. పగిలిన తెల్లగాజు ముక్కను నీళ్ళతొట్టిలో వేసి వెదకినవారికి ఆ కష్టము తెలియును. వెలుగు దూరిపోవుచున్నది, చాలినంతగా విడదీయుచున్నది, ఐనను కనబడదు. దీనికి మందు అద్దకమువారియొద్ద దొరకెను. 1856లో పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల యింగ్లీషు బాలుడు, చలిజ్వరపు మందైన క్వినైనును కృత్రిమముగా చేయబోయి, దానికి బదులుగా నొక ఊదారంగును కనిపెట్టెను. నేలబొగ్గుతారునుండి రంగులు తీయుట అక్కడ మొదలైనది. చీరలకని పుట్టిన ఆ రంగులను శాస్త్రజ్ఞులు గాజుపలకలమీద పోసి చూచిరి. ఒకరంగు ఒకదానికంటును, ఇంకొకదాని కంటదు. రాబర్టు కోఖ్ అను జర్మను వైద్యుడు, అట్టి నీలపురంగును పట్టించి, 1882 మార్చి 24వ తేదీన బెర్లినులో క్షయక్రిమిని లోకమునకు తెలిపెను.

ఈ క్రిమి తొడుగు మైనమువంటిది. సామాన్యముగా రంగంటదు. కాని వేడిచేసి ఎఱ్ఱరంగు పోసిన లోనికి పట్టును. ఒకసారి పట్టిన పిమ్మట ఆమ్లముతో కడిగినను వదలదు. తక్కినవాని రంగంతయు కాఱిపోవును. మన మాటలో చెప్పవలెనన్న దానిది పక్కారంగు, మిగిలినవానిది వెలిసిపోవు రంగు. ఆపైన నీలపురంగు పోయుదురు. తుదకు నీలపు నేలమీద ఎఱ్ఱని సన్నపుల్లలవలె క్షయక్రిములు మాత్రము నిలిచియుండును.

పెర్కిన్ వెదకిన క్వినైను మాట వచ్చినది గనుక, ఆ చలిజ్వరపు గుట్టును సూక్ష్మదర్శిని బయటపెట్టినచోటు మన తెలుగునేలమీదనే యున్నదని చెప్పక వదలజాలను. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు ఆల్జీరియాలో రోగి నెత్తుటియందు ఈ జ్వరపు పరాన్నజీవిని చూచెను. ఎఱ్ఱకణములోని పదార్థమును తినుచు అది నల్లని రేణువులను మిగుల్చును. నెత్తుటినుండి నెత్తుటికి అదెట్లు పోవుచున్నదో ఎవ్వరికిని తెలియదు. దోమను శంకించినవారు లండనులోని మాన్సను వైద్యుడు. ఆయన బోధనతో ఆ పనికి పూనుకొన్నవాడు మన దేశమందలి సైనికవైద్యుడు రొనాల్డు రాస్. రెండేండ్లు తగని జాతి దోమలను కోసి కోసి విసిగెను. 1897 ఆగస్టులో సికిందరాబాదునొద్ద బేగంపేటలో, ఎండకు ఉడికిపోవు చిన్నగదిలో గూర్చుండియుండెను. పంకా విసరిన దోమ ముక్కలెగిరిపోవునని దానినిగూడ మానుకొనెను. నుదుటినుండి చేతులనుండి కాఱిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టెను. మిగిలిన నేత్రకటక మొక్కటియే, అదియు బీటవాఱినది.

హుసేన్‌ఖాన్ అను రోగి, కుట్టిన దోమకొక యణా చొప్పున కూలి పుచ్చుకొని, రెక్కలపై మచ్చలుగల క్రొత్తజాతి దోమలచేత కుట్టించుకొనెను. అది ఆగస్టు 16. నాలుగవ దినమున, 20వ తేదీన, మిగిలినవానిలో నొకదానిని కోసి రాస్ దాని జీర్ణాశయపు పొరను చూచుచుండెను. కొసవఱకు చూచి విసుగుతో పారవేయబోవు సమయమున, సుమారు 12 మైక్రానుల గుండ్రని కణమొకటి కనబడెను. దోమపొట్టలో నుండవలసిన కణము కాదది. కటకమును జాగ్రత్తగా సరిచేసి చూడగా దానిలో నల్లని రేణువులు. లావెరాన్ మనుష్యుని నెత్తుటిలో చూచిన ఆ రేణువులే! ఏ రంగును పోయనక్కఱలేక, చలిజ్వరపు క్రిమి తన గుర్తును తానే మోసికొనివచ్చెను. మఱునాడు చివరి దోమను కోయగా కణము లింకను పెద్దవై కనబడెను. అనగా లోపల పెరుగుచున్నవి. మరుసటి యేడు కలకత్తాలో పక్షులమీద ఆ కథను ముగించెను. మనుష్యుల విషయమున ఇటలీవారు పూర్తిచేసిరి. 1902లో రాస్‌కు నోబెలు బహుమానము వచ్చెను. బేగంపేటలోని ఆ కట్టడము ఆయన పేరుతోనే ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి అధీనమున నున్నది. హుసేన్‌ఖాన్‌కు దక్కినది ఆ యణాలే.

నేను ముఖ్యముగా గుర్తుంచుకొన్నది "కటకమును సరిచేసి" అన్నమాట. 1000 రెట్లలో చూచునపుడు స్పష్టముగా గనబడు పొర మైక్రానుకంటె పలుచన. మర వెండ్రుకవాసి అటైన నిటైన క్రిమి యున్నను లేనట్లే. రాస్ ఆ మధ్యాహ్నము మర త్రిప్పకయే పొరను పారవేసియుండిన ఆనాటి కథ వేఱుగా నుండెడిది.

ఇక పొరుగింటి వదినగారి ప్రశ్నకు వత్తును. మొదటి పరీక్షలో యంత్రము చెడిపోలేదు. చూచినవారు అజాగ్రత్త చేయలేదు. నూఱుచోట్ల వెదకి గాని క్రిములు లేవని వ్రాయరు. కాని వారు చూచునది పలకమీది చిటికెడు పూత. ఒక మిల్లీలీటరు కఫములో ఐదువేలనుండి పదివేలవఱకు క్రిములుండిన గాని అందొకటి రెండైనను కంటబడవు. అంతకు తక్కువైన రోగమున్నను "కనబడలేదు" అనియే వచ్చును. ఆ మాట "లేదు" అను మాట కాదు. ఈ రెంటి భేదము కాగితమిచ్చువారు చెప్పవలెను. వారు చెప్పకున్న మన మడుగవలెను.

మఱి ఆ డబ్బీలో నుండినదేమి? నేను కోడలిని ఒంటరిగా పిలిచి యడిగితిని. తలవంచుకొని చెప్పినది. వసారాలో మామగారును బావగారును గూర్చుండియున్నారట. గట్టిగా దగ్గి గళ్ళ తీయుట సిగ్గని, ప్రక్కకు తిరిగి రెండుమాఱులు ఉమ్మివేసి మూతపెట్టినదట. క్రిములు ఊపిరితిత్తులలో నుండును, నోటినీటిలో నేముండును? లేవెన్‌హుక్ చూచిన పాచిక్రిములు మాత్ర ముండియుండును. ఆమె తప్పేమియు లేదు. ఎట్లు తీయవలెనో ఆమెకెవ్వరును చెప్పలేదు. గళ్ళ పేరెత్తుటయే ఆడుదానికి మోటుతనమని మాత్రము చిన్ననాటినుండి చెప్పియుంటిమి. నేనును నా బిడ్డలకు చెప్పినదానినే.

కావున ఇది వ్రాయుటకు నేను సిగ్గుపడుట లేదు, చదువుటకు మీరును సిగ్గుపడవలదు. తెల్లవాఱి లేవగానే, నోరు మంచినీటితో పుక్కిలించి, పెరటిలో ఆరుబయట, ఎవ్వరును దగ్గఱ లేనిచోట నిలువవలెను. రెండుమూడు మాఱులు గుండెనిండ గాలి పీల్చి, లోతునుండి దగ్గి, వచ్చిన చిక్కని కఫమును డబ్బీలో వేయవలెను. నురుగునీరు పనికిరాదు. రెండు నమూనాలు అడిగిన రెండును ఇయ్యవలెను. నేడు చాలచోట్ల సూక్ష్మదర్శినికి ముందుగనే ట్రూనాటు మొదలగు క్రొత్తపరీక్షలు చేయుచున్నారు. అవి క్రిములు చాల తక్కువగా నున్నను పట్టుకొనును, మందునకు లొంగని జాతియగునో కాదో కూడ చెప్పును. కాని వానికిని కావలసినది ఈ కఫమే. డబ్బీలో ఉమ్మిపోసిన, ఎంత క్రొత్తయంత్రమైనను ఉమ్మినే చూచును.

రెండవమాఱు వదినగారు మగవారిని పొలమునకు పంపి, కోడలిని పెరటిలోనికి తీసికొనిపోయి, తాను వేపచెట్టు వెనుక నిలుచుండిరి. ఫలితము మీరు విన్నదే. ఇప్పుడామె ప్రభుత్వమువా రుచితముగా నిచ్చు మందు మ్రింగుచున్నది. ఆఱు నెలలు మానరాదని చెప్పిరి. ఇంటివారందఱును, ముఖ్యముగా చంటిపిల్లయు, పరీక్షలు చేయించుకొనిరి. కాకరకాయపులుసు సహింపని ఆ పిల్ల తల్లి ఇప్పుడు రెండవమాఱు వడ్డించుకొనుచున్నదని వదినగారు మొన్న చెప్పిరి.

మందు మొదలైన వారమున నేనును వెంటబోయితిని. వదినగారు ల్యాబులోని కుఱ్ఱవానిని, "నాయనా, ఆ పురుగుల నొక్కసారి నాకు చూపుదువా?" అని యడిగిరి. పలకను సెగమీద పెట్టి రంగు కాచునప్పటికే క్రిములు చచ్చియుండును గనుక భయము లేదని చెప్పి, అతడు ప్రక్కకు తొలగెను. వదినగారు కొంగు నడుమున దోపుకొని, ఒక కన్ను అఱచేతితో మూసికొని, గొట్టముమీదికి వంగిరి. చాలసేపు చూచి, "అంతయు నీలమే నాయనా, ఏమియు లేదు" అనిరి. అతడు ప్రక్కనున్న చిన్నమరను ఇసుమంత త్రిప్పెను.

వదినగారు మాటాడలేదు. ఎడమచేతితో వెదకి నా చేయి పట్టుకొనిరి. "ఎఱ్ఱగా, ఈనెపుల్లలవలె... ఒకటి, రెండు... అయిదున్నవి వదినా" అనిరి.